రాసిన స్పీడు, నడిచే స్పీడు

హనుమకొండలో ఎంబెడెడ్ లైనక్స్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం

వెనక బెంచీల వాళ్లకు తెర కనిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడులో నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ఇది లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు. లేచేటప్పుడు అది సీరియల్ తీగ మీద, అంటే ఒకదాని వెనక ఒక బిట్‌గా, పంపే మాటలు ఈ తెర మీద పడతాయి. ఇప్పుడు దీనికి కరెంటు ఇస్తున్నాను. చూడండి. మొదట నాలుగు లైన్లు శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాత వచ్చింది ఎవరైనా చదవగలరా? ప్రశ్నార్థకాలు, నల్ల డబ్బాలు, మధ్యలో ఒక డాలరు గుర్తు. మా పరకాల వైపు దీన్ని చూస్తే "దయ్యం పట్టింది" అంటారు. (నవ్వులు) నాకు మాత్రం ఇది చూస్తే ప్రాణం కుదుటపడుతుంది. చెత్త వస్తోందంటే బోర్డు బతికే ఉంది, తీగ తగిలింది, గ్రౌండ్ కలిసింది, అవతల ఎవరో మాట్లాడుతున్నారు. వాళ్లు మాట్లాడే వేగానికీ నేను వినే వేగానికీ పొంతన లేదు, అంతే. తెర ఖాళీగా ఉన్నప్పుడు టెన్షన్ పడండి, చెత్తకు పడకండి.

మా తాత వడ్లు కొలిచేటప్పుడు "ఒకటి" అనేవాడు కాదు. "లాభం" అనేవాడు. లాభం, రెండు, మూడు. మీ ఇళ్లలోనూ విని ఉంటారు. ఆ "లాభం" చెవిన పడగానే పక్కన లెక్క రాసేవాడు కలం ఎత్తేవాడు. సీరియల్ లైనులో స్టార్ట్ బిట్ చేసే పని సరిగ్గా అదే. మాటలేనప్పుడు లైను పై వోల్టేజీలో నిలబడి ఉంటుంది. ఒక్కసారి కిందికి పడిందంటే "లాభం" అన్నట్టు. అక్కడి నుంచి వినేవాడు పంపేవాడి వైపు చూడడు. తన సొంత గడియారం చూసుకుంటూ, ఇన్ని మైక్రోసెకన్లకు ఒక బిట్ అని లెక్కపెట్టుకుంటూ పోతాడు. స్టార్ట్ ఒకటి, డేటా ఎనిమిది, స్టాప్ ఒకటి, మొత్తం పది. సెకనుకు 115200 బిట్ల వేగంలో ఒక్కో బిట్ 8.68 మైక్రోసెకన్లు. పదో బిట్ దాకా వచ్చేసరికి ఇద్దరి గడియారాలకూ మధ్య సగం బిట్ తేడా వస్తే లెక్క తప్పుతుంది. అంటే రెండు వైపులా కలిపి సుమారు 5 శాతం. అంచు దాకా ఎందుకు, ఒక్కో వైపు 2 శాతం లోపు ఉంచుకోండి.

ఈ 115200 అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పాత పర్సనల్ కంప్యూటర్లలో సీరియల్ చిప్పుకు 1.8432 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇచ్చేవాళ్లు. ఆ సీరియల్ చిప్పునే యూఆర్ట్ అంటాం. అది ఒక్కో బిట్‌ను 16 ముక్కలు చేసి చూస్తుంది కాబట్టి 18,43,200ని 16తో భాగిస్తే 115200. శేషం లేదు. దాన్ని మళ్లీ భాగించే అంకె డివైజర్. అది 1 పెడితే ఆ వేగం, 12 పెడితే 9600. ఈ 18,43,200ని గుర్తుపెట్టుకోండి. ఎప్పుడో పోయిందనుకున్న ఈ అంకె లైనక్స్ లోపల ఇంకా కూర్చునే ఉంది. నా రాత్రి నిద్ర ఒకసారి పాడుచేసింది కూడా.

ఆ సంగతి చెప్తాను. మేం బోరు మోటార్లకు పెట్టే చిన్న కంట్రోలర్ చేస్తాం. స్టార్టర్ డబ్బాలో కూర్చుంటుంది, రైతు ఫోన్ నుంచే మోటారు వేసుకుంటాడు. ఒక లాటులో కొన్ని బోర్డులు అసలు లేవడం లేదు. లైనక్స్ గుండె లాంటి కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్ యూ-బూట్. అక్కడి దాకా అంతా బాగుంటుంది, "స్టార్టింగ్ కెర్నల్" అని ఒక లైను వస్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. కెర్నల్ లేచిందా, లేవకముందే పడిందా తెలియదు.

ఇక్కడొక విషయం. ఆ సీరియల్ పోర్టును ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు పట్టుకుంటారు. మొదట బూట్‌లోడర్. చివర కెర్నల్ అసలు సీరియల్ డ్రైవర్, అంటే ఆ పోర్టును నడిపే కోడ్. డ్రైవర్ లేవాలంటే మెమరీ సర్దుకోవాలి, ఇంటరప్టులు, క్లాకులు సిద్ధం కావాలి. అంతకుముందే కెర్నల్ చచ్చిపోతే ఆ చావు కబురు ఎవరు చెప్తారు? అందుకే మధ్యలో ఒకడు, ఎర్లీకాన్. వాడికి ఇంటరప్టులు తెలియవు, క్లాక్ ఫ్రేమ్‌వర్క్ తెలియదు. రిజిస్టర్‌లో, అంటే యూఆర్ట్ లోపలి చిన్న గడిలో, ఒక అక్షరం వేస్తాడు, ఖాళీ అయ్యే దాకా అక్కడే నిలబడతాడు, ఇంకో అక్షరం వేస్తాడు. మోటు మనిషి, కానీ అందరికంటే ముందు లేస్తాడు.

కెర్నల్ లేచేటప్పుడు దాని చేతికిచ్చే మాటల లైనును బూట్ ఆర్గ్యుమెంట్లు, లేదా కమాండ్ లైను అంటాం. నేను అందులో ఎర్లీకాన్ అని రాసి, పక్కన యూఆర్ట్8250 అని చిప్పు రకం, చిరునామా, 115200ఎన్8 అని వేగం చేర్చాను. శ్రద్ధగా వేగం కూడా రాశాను కదా, ఇంకేం కావాలి? రీబూట్ చేస్తే, ఇందాక మీరు చూసిన చెత్త. యూ-బూట్ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కెర్నల్ మొదలవగానే చెత్త.

ఒకటిన్నర రోజు తీగలు మార్చాను. గ్రౌండ్ మళ్లీ టంకం వేశాను. పవర్ సప్లై మీద అనుమానపడ్డాను. ఇంజనీర్లకు ఒక జబ్బుంది, తాము రాసిన లైను తప్ప మిగతా అన్నిటినీ అనుమానిస్తారు.

రెండో రోజు సాయంత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ బోర్డు యూఆర్ట్‌కు వచ్చే క్లాక్ 24 మెగాహెర్ట్జ్. నేను వేగం చెప్పాను, క్లాక్ చెప్పలేదు. కమాండ్ లైనులో క్లాక్ చెప్పకపోతే ఎర్లీకాన్ ఏమనుకుంటాడు? పాత 18,43,200 అనుకుంటాడు. ఆ లెక్కన 115200 కావాలంటే డివైజర్ 1. వెళ్లి 1 రాసేశాడు. కానీ నిజంగా అక్కడున్నది 24 మెగాహెర్ట్జ్. 2,40,00,000ని 16తో భాగించండి. 15,00,000! నేను 115200 దగ్గర కూర్చుని వింటున్నాను, వాడు సెకనుకు 15 లక్షల బిట్ల వేగంతో అరుస్తున్నాడు.

లెక్క సరే, రుజువు కావాలి కదా. టెర్మినల్‌లో 1500000 పెట్టబోతే నా దగ్గరున్న యూఎస్‌బీ కన్వర్టర్ ఒప్పుకోలేదు. సీపీ2102 చిప్ అది, 10 లక్షల దాకానే దాని పరుగు. కాజీపేటలో ఉండే దోస్తుకు ఫోన్ చేశాను. "గిప్పుడా? అన్నం తింటున్న" అన్నాడు. తిని, ఎఫ్‌టీ232 ఉన్న కన్వర్టర్ జేబులో వేసుకుని బండి మీద వచ్చాడు. అది 30 లక్షల దాకా పోతుంది. పెట్టాం, వేగం మార్చాం, కరెంటు ఇచ్చాం. కెర్నల్ వెర్షన్ లైను, మెషీన్ మోడల్ లైను, వరసగా చదవగలిగే అక్షరాలు. ఆ లాగ్ మెమరీ సర్దుకునే దగ్గర ఆగిపోయింది. కొత్త లాటులో వేసిన మెమరీ చిప్ పాతదానిలో సగం. మేం చెప్పిన సైజు మాత్రం పాతదే. అసలు తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టింది, దాన్ని చదవగలిగే వేగం దొరకడానికి రెండు రోజులు.

ఆ లైను చివర 24000000 అని క్లాక్ కూడా చేర్చి ఉంటే? 24 మెగాహెర్ట్జ్‌ను 16తోనూ 115200తోనూ భాగిస్తే 13.02. సగం డివైజర్ ఉండదు కాబట్టి 13. అప్పుడు నడిచే వేగం సుమారు 115385. తేడా 0.16 శాతం, ఏ టెర్మినలూ పట్టించుకోదు. లేదా వేగం అసలు రాయకుండా వదిలేసినా సరిపోయేది. వేగం రాయకపోతే 8250 ఎర్లీకాన్ వేగం సెట్టింగు జోలికి పోడు. బూట్‌లోడర్ పెట్టిన వేగం మీదే మాట్లాడతాడు.

ఇప్పుడు డివైస్ ట్రీ దగ్గరికి వద్దాం. చిరునామాలు, క్లాకులు చేత్తో కమాండ్ లైనులో కొట్టడం ఒక రాత్రి పనికి పర్లేదు, ప్రొడక్టుకు పనికిరాదు. ఒకప్పుడు ఏఆర్ఎం ప్రాసెసర్ బోర్డు ప్రతిదానికీ కెర్నల్‌లో ఒక సీ ఫైలు ఉండేది. ఆ గందరగోళం మీద 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ విసుక్కున్న తర్వాత ఏఆర్ఎం వాళ్లు గట్టిగా డివైస్ ట్రీ వైపు మళ్లారు. బోర్డు మీద ఏముందో కోడ్‌లో కాకుండా ఒక వివరణగా రాసి కెర్నల్ చేతికివ్వడం. ఇంతకంటే చరిత్ర ఇవాళ అక్కర్లేదు.

ఈ స్లైడ్ చూడండి. డివైస్ ట్రీలో ఒక్కో భాగాన్ని నోడ్ అంటాం. చోజెన్ అనే నోడ్ ఒకటుంది. అది ఏ చిప్పునూ వర్ణించదు, బూట్‌లోడర్‌కూ కెర్నల్‌కూ మధ్య చీటీ లాంటిది. అందులో ఎస్‌టీడీఅవుట్-పాత్ అనే ప్రాపర్టీ, బూట్ మాటలు ఏ పోర్టు మీద పోవాలో చెప్పేది. దాని విలువ "సీరియల్0:115200ఎన్8". కోలన్‌కు ముందున్న సీరియల్0 మారుపేరు, ఏలియాసెస్ నోడ్‌లో అది ఏ యూఆర్ట్‌కు చెందిందో రాసి ఉంటుంది. కోలన్ తర్వాతిది వేగం, ప్యారిటీ లేదు, ఎనిమిది బిట్లు. ఇది ఉంటే కమాండ్ లైనులో ఒట్టి ఎర్లీకాన్ అన్న మాట చాలు. చిరునామా కూడా కొట్టక్కర్లేదు, కెర్నలే వెతుక్కుంటుంది.

అలా వెతుక్కుంటూ వెళ్లిన కెర్నల్ ఆ యూఆర్ట్ నోడ్‌లో ఏం చదువుతుందో చూడండి. చిరునామా ఎలాగూ చదువుతుంది. రెగ్-షిఫ్ట్, రెగ్-ఐఓ-విడ్త్ చదువుతుంది, అంటే రిజిస్టర్ల మధ్య దూరం ఎంత, ఒక్కసారికి ఎన్ని బైట్లు రాయాలి అన్నవి. రిజిస్టర్లు నాలుగేసి బైట్ల దూరంలో ఉండే చిప్పుకు ఈ రెండూ రాయడం మరిచిపోయారా, ఎర్లీకాన్ వేరే రిజిస్టర్లలో రాసుకుంటూ పోతాడు. అప్పుడు మీకు చెత్త కాదు, ఖాళీ తెర వస్తుంది. తర్వాత కరెంట్-స్పీడ్ అనే ప్రాపర్టీ. పేరులోనే ఉంది, ఇది కోరిక కాదు, ప్రస్తుత స్థితి. బూట్‌లోడర్ యూఆర్ట్‌ను సిద్ధం చేసి ఉంటే, ఏ వేగంలో వదిలిందో అక్కడ రాసిపెట్టాలని డివైస్ ట్రీ స్పెసిఫికేషన్ చెప్తుంది. దాని తర్వాత క్లాక్-ఫ్రీక్వెన్సీ. ఆఖరున, కోలన్ తర్వాత వేగం ఉంటే అదే నెగ్గుతుంది, కరెంట్-స్పీడ్ పక్కకు పోతుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, కాబట్టి నెమ్మదిగా చెప్తాను. యూఆర్ట్ నోడ్‌లో మామూలుగా మనం క్లాక్స్ అని రాస్తాం, ఫలానా క్లాక్ కంట్రోలర్‌లో ఫలానా క్లాక్ అని. అసలు డ్రైవర్ వచ్చాక ఆ కంట్రోలర్‌ను అడిగి "నీ దగ్గర ఎంత నడుస్తోంది" అని తెలుసుకుంటుంది. ఎర్లీకాన్ లేచే వేళకు ఆ కంట్రోలర్ డ్రైవరే లేవలేదు. తెల్లవారుజామున నాలుగింటికి తహసీల్ ఆఫీసుకు వెళ్లినట్టు, అడగడానికి మనిషి ఉండడు. గోడ మీద రాసిందే నమ్మాలి. క్లాక్-ఫ్రీక్వెన్సీ అని నేరుగా అంకె రాసి ఉంటే నమ్ముతాడు, డివైజర్ లెక్కేసి పెడతాడు. లేకపోతే, ఈ మధ్య కెర్నళ్లలో 8250 ఎర్లీకాన్ డివైజర్‌ను ముట్టుకోడు. కమాండ్ లైను దారిలో వేసుకున్న పాత 18,43,200 అంచనా ఈ దారిలో వేసుకోడు.

దీని అర్థం ఏంటి? మీరు ఎస్‌టీడీఅవుట్-పాత్‌లో 115200 అని రాశారు, నోడ్‌లో క్లాక్-ఫ్రీక్వెన్సీ లేదు, బూట్‌లోడర్ 1500000లో నడుస్తోంది. బూట్ లాగ్ మొదట్లో "ఆప్షన్స్ 115200ఎన్8" అని ఎర్లీకాన్ బోర్డు కట్టి మరీ చెప్తాడు. కానీ ఆ మాట చెప్పేది 1500000 వేగంలో! (నవ్వులు) రాసిన స్పీడు వేరు, నడిచే స్పీడు వేరు. ఆ తర్వాత అసలు డ్రైవర్ లేచి, క్లాక్ అడిగి తెలుసుకుని, నిజంగానే 115200కు మారుస్తుంది. మీ టెర్మినల్ ఏ వేగంలో పెట్టినా సగం లాగే చదవగలరు. ఇదేమీ ఊహించి చెప్తున్నది కాదు. రాక్‌చిప్ బోర్డులు చాలావాటిలో 1500000 మామూలు వేగం, ఆర్‌కే3399 బోర్డుల డివైస్ ట్రీలలో ఆ అంకె కనిపిస్తుంది. అలాంటి బోర్డు మీదికి వేరే బోర్డు డివైస్ ట్రీ నుంచి చోజెన్ నోడ్ కాపీ కొడితే జరిగేది ఇదే. కాపీ కొట్టని వాళ్లెవరూ ఈ గదిలో లేరని నాకు తెలుసు, నాతో కలిపి.

దీనికి కవల తప్పు ఇంకోటుంది. ఎస్‌టీడీఅవుట్-పాత్‌లో ఒట్టి సీరియల్0 అని రాసి, కోలనూ వేగమూ వదిలేయడం. లేదా కమాండ్ లైనులో కన్సోల్ టీటీవైఎస్0, అంటే మొదటి సీరియల్ పోర్టు, అని మాత్రమే రాయడం. ఎర్లీకాన్ బూట్‌లోడర్ వేగంలో హాయిగా మాట్లాడతాడు. ఎందుకంటే వాడి దృష్టిలో మౌనం అంటే "ఉన్నది ఉన్నట్టు వదిలెయ్". తర్వాత "బూట్‌కన్సోల్ డిజేబుల్డ్" అనే లైను వస్తుంది, అంటే ఎర్లీకాన్ తప్పుకుని అసలు డ్రైవర్ వచ్చిందని. ఆ లైను దాటగానే చెత్త. ఎందుకు? 8250 అసలు డ్రైవర్ దృష్టిలో మౌనం అంటే 9600. అదీ పాత ఆచారమే. ఒకే మౌనానికి ఇద్దరూ రెండు అర్థాలు చెప్పుకున్నారు. పెళ్లిచూపుల్లో జరిగే గొడవలు కూడా ఇలాంటివే, వదిలేద్దాం.

పైగా 9600 అంటే సెకనుకు 960 అక్షరాలు. 30,000 అక్షరాల బూట్ లాగ్ పూర్తిగా బయటికి రావడానికి అరనిమిషం దాటుతుంది. అదే 115200లో మూడు సెకన్లలోపు. "మా బోర్డు చాలా నెమ్మదిగా బూట్ అవుతోంది సార్" అని ఎవరైనా వస్తే నేను ప్రాసెసర్ ఏమిటని అడగను, ముందు కన్సోల్ వేగం అడుగుతాను.

సరే, బోర్డు లేచాక డివైస్ ట్రీలో నిజంగా ఏముందో ఎలా చూస్తాం? మీ ల్యాప్‌టాప్‌లోని సోర్స్ ఫైలు చూడకండి. అది మీరు అనుకున్నది, బోర్డుకు అందింది కాకపోవచ్చు. మధ్యలో యూ-బూట్ కూడా చేయి పెడుతుంది. యూ-బూట్‌లో బూట్ఆర్గ్స్ అనే వేరియబుల్ ఉంటే, డివైస్ ట్రీలో మీరు రాసుకున్న బూట్ ఆర్గ్యుమెంట్ల మీద దాన్ని రుద్దేస్తుంది. మీరు డీటీఎస్ ఫైల్లో, అంటే ఆ సోర్స్ ఫైల్లో, ఎర్లీకాన్ చేర్చి పదిసార్లు కంపైల్ చేసినా ఫలితం ఉండదు. అందుకే నడుస్తున్న బోర్డులో ప్రాక్ కింద డివైస్-ట్రీ ఫోల్డర్‌లోకి వెళ్లండి. చోజెన్ ఒక ఫోల్డర్, అందులో ఎస్‌టీడీఅవుట్-పాత్ ఒక ఫైలు, ఫైలును తెర మీద చూపే క్యాట్ కమాండ్ కొడితే చదవొచ్చు.

క్లాక్-ఫ్రీక్వెన్సీని మాత్రం క్యాట్ చేయకండి, మళ్లీ దయ్యం కనిపిస్తుంది. అది నాలుగు బైట్ల అంకె. హెక్స్‌లో, అంటే పది బదులు పదహారు ఆధారంగా రాసే అంకెల్లో, చూడాలి. ఇదిగో, ఈ బోర్డులో 01 6ఈ 36 00 అని వచ్చింది. పెద్ద బైటు ముందు ఉంటుంది, మన ఇంటెల్ ల్యాప్‌టాప్ అలవాటుకు తిరగేసి. అలాగే ఎడమ నుంచి కుడికి చదివి దశాంశంలోకి మార్చండి. ఎంత వచ్చింది? అవును, ఎవరో చెప్పారు, 2,40,00,000. తిరగేసి చదివినవాళ్లకు ఎక్కడిదో వింత అంకె వచ్చి ఉంటుంది, పర్లేదు, నేనూ మొదటిసారి అలాగే చదివాను.

ప్రశ్నలుంటే అడగండి. అక్కడ, నీలం చున్నీ అమ్మాయి.

(ప్రశ్న: అన్నా, అలాంటప్పుడు ప్రతి బోర్డులో క్లాక్స్‌తో పాటు క్లాక్-ఫ్రీక్వెన్సీ కూడా రాసేస్తే అయిపోతుంది కదా?)

రాయొచ్చు. నేనైతే రాయను. ఒకే నిజాన్ని రెండు చోట్ల రాస్తే ఏదో ఒక రోజు ఒకటి మారుతుంది, ఇంకోటి మారదు. ఎవరో బూట్‌లోడర్‌లో యూఆర్ట్ క్లాక్‌ను 24 నుంచి 48కి మారుస్తారు, ఈ అంకె ఇక్కడే ఉండిపోతుంది, ఎర్లీకాన్ దాన్ని నమ్మి రెట్టింపు వేగంలో మాట్లాడతాడు. బూట్‌లోడర్ పోర్టును సరిగా సిద్ధం చేస్తున్నంత వరకు వేగం పెట్టే పని దానికే వదిలేయి. ఎస్‌టీడీఅవుట్-పాత్‌లో అదే వేగం రాయి, ఎర్లీకాన్ కోసం కాదు, తర్వాత వచ్చే అసలు డ్రైవర్ కోసం. ఇక బూట్‌లోడరే లేకుండా నేరుగా కెర్నల్ లేచే బోర్డు ఉంటుంది, ఎఫ్‌పీజీఏలో, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకునే చిప్పులో, మీరే కట్టుకున్న ప్రాసెసర్ లాంటిది. అక్కడ యూఆర్ట్‌ను ఎవరూ ముట్టుకుని ఉండరు కాబట్టి క్లాక్-ఫ్రీక్వెన్సీ తప్పకుండా కావాలి.

(ప్రశ్న: సార్, మాకు ఎర్లీకాన్ బాగానే వచ్చి మధ్యలో ఆగిపోతోంది. చెత్త కూడా రావడం లేదు.)

చివరి లైను ఏంటి? వాడని క్లాకులు ఆపేస్తున్నాం అన్న అర్థంలో ఏదైనా ఉందా? ఉంది కదా. ఎర్లీకాన్ ఆ క్లాక్‌ను వాడుకుంటున్నాడని కెర్నల్‌కు తెలియదమ్మా, వాడు ఎవరి దగ్గరా పర్మిషన్ తీసుకోలేదు. అసలు డ్రైవర్ లేచి క్లాక్‌ను తన పేరు మీద రాయించుకోకపోతే, ఎవరిదీ కాదనుకుని ఆపేస్తారు. ఒకసారి క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ అనే ఆర్గ్యుమెంట్ పెట్టి చూడు. లాగ్ ముందుకు సాగితే దొంగ దొరికినట్టే. అప్పుడు మీ సీరియల్ డ్రైవర్ ఎందుకు లేవలేదో వెతుక్కో, ఆ ఆర్గ్యుమెంట్‌ను మాత్రం ప్రొడక్టులో ఉంచొద్దు.

ఇక బోర్డులు తీసుకోండి, ఇద్దరికొకటి. కేబుల్ రంగులను నమ్మకండి, కన్వర్టర్ మీద ముద్రించింది చూసి పెట్టండి. ముందు గ్రౌండ్. టీఎక్స్ అంటే పంపే పిన్ను, ఆర్ఎక్స్ అంటే వినే పిన్ను. తర్వాత దీని టీఎక్స్ దాని ఆర్ఎక్స్‌కు, దాని టీఎక్స్ దీని ఆర్ఎక్స్‌కు. జంపర్ 3.3 వోల్టుల వైపు ఉందో లేదో చూసుకోండి, 5 పెడితే ఆ పిన్ను మళ్లీ మాట్లాడకపోవచ్చు. ఆ ఎర్ర తీగ వదిలెయ్ తమ్ముడూ, బోర్డుకు కరెంటు దాని అడాప్టర్ నుంచే.